మామిడి కొమ్మ మీద వందా: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

వేసవి మొదలైన దగ్గర నుంచి ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు చెట్ల కొమ్మల మీద పెరిగే ఆర్కిడ్ల గురించే ఉన్నాయి. వాటిలోనూ ఎక్కువమంది వర్ణించిన మొక్క ఒక్కటే కావడంతో, ఈ సంచికలో శీర్షిక మొత్తాన్ని ఆ మొక్కకే, అంటే వందా టెసెల్లేటాకే, కేటాయిస్తున్నాం. ఒకే సందేహం ఉన్న ఉత్తరాలను కలిపి, కుదించి ఇచ్చాం.

ప్రశ్న: మా పెరటి మామిడి చెట్టు పెద్ద కొమ్మ మీద పట్టీల్లాంటి దళసరి ఆకులున్న మొక్క ఒకటి ఏళ్లుగా ఉంది. తెల్లటి లావుపాటి వేళ్లు గాలిలో వేలాడుతుంటాయి. మే నెలలో గోధుమ రంగు గళ్లతో, మధ్యలో ఊదా రంగుతో పూలు పూసి కమ్మని వాసన వచ్చింది. మా అత్తగారు దీన్ని బదనిక అంటారు. చెట్టు రసం పీల్చేస్తుంది, కొట్టించెయ్యమంటారు. ఇది ఏ మొక్క? కొట్టించాలా? (ఒక పాఠకురాలు, పాడేరు)

జవాబు: కొట్టించవద్దు. మీరు రాసిన గుర్తులు, అంటే పట్టీల్లాంటి ఆకులు, గాలిలో వేలాడే తెల్లటి వేళ్లు, గళ్ల రేకులు, ఊదా రంగు పెదవి (మిగతా వాటికి భిన్నంగా ఉండే కింది రేకు), సువాసన అన్నీ కలిస్తే అది వందా టెసెల్లేటా అనే ఆర్కిడ్ అని దాదాపు నిస్సందేహంగా చెప్పవచ్చు. అరకు, పాడేరు కొండల్లోనే కాక మారేడుమిల్లి, పాపికొండలు, నల్లమల, ఆదిలాబాద్ అడవుల్లోనూ ఇది కనిపిస్తుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఊళ్లకు దగ్గరగా, మామిడి, ఇప్ప వంటి పాత చెట్ల మీద మనుషుల కళ్ల ముందు పెరిగే ఆర్కిడ్లలో దీనిదే మొదటి స్థానం అనుకోవచ్చు.

మీ అత్తగారి మాటలోనూ సగం నిజముంది. మన పల్లెల్లో బదనిక అనే పేరు రెండు వేర్వేరు మొక్కలకు వాడుకలో ఉంది. ఒకటి ఈ ఆర్కిడ్. రెండోది మామిడి రైతులందరికీ శత్రువైన పరాన్నజీవి. దాని శాస్త్రీయ నామం డెండ్రోఫ్తీ ఫాల్కేటా. ఈ రెండోది చెట్టు కొమ్మలోకి తన పీల్చే వేళ్లను దింపి, నీటినీ లవణాలనూ లాగేసుకుంటుంది; అది అతుక్కున్న చోట కొమ్మ ఉబ్బి కణితిలా తయారవుతుంది, అక్కడి నుంచి చివరి దాకా కొమ్మ క్రమంగా ఎండిపోతుంది. దానికి కర్ర బారిన కొమ్మలూ, తోలులాంటి వెడల్పాటి ఆకులూ, ఎర్రటి లేదా నారింజ రంగు గొట్టాల్లాంటి పూలూ ఉంటాయి. దాన్ని కాయ కాయకముందే, సోకిన కొమ్మతో సహా కోసివేయవలసిందే. వందా మాత్రం వృక్షోపజీవి. కొమ్మను పట్టుకుని నిలబడడానికే తప్ప ఆహారానికి చెట్టు మీద ఆధారపడదు. దాని వేరును బెరడు నుంచి జాగ్రత్తగా పైకి లేపి చూస్తే కింద బెరడు చెక్కుచెదరకుండా ఉంటుంది, ఉబ్బు కనిపించదు. మీ అత్తగారికి ఈ రెండింటినీ పక్కపక్కన చూపించండి. వాదన అవసరం ఉండదు.

ఈ మొక్కకు శాస్త్రీయ గ్రంథాల్లో చోటు దొరికింది కూడా తెలుగు నేల మీదుగానే. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోటలో ఉంటూ కోరమండల్ తీరపు మొక్కలను పరిశీలించి, బొమ్మలు గీయించి, 1795లో లండన్‌లో వెలువడిన తన గ్రంథం మొదటి సంపుటంలో దీన్ని ఎపిడెండ్రమ్ టెసెల్లేటమ్ అనే పేరుతో వర్ణించారు. తరువాత ఇది వందా ప్రజాతిలోకి మారింది. పాత పుస్తకాల్లో వందా రాక్స్‌బర్గీ అని కనిపించేది కూడా ఈ మొక్కే కాబట్టి, ఆ పేరు చూసి మరో జాతి అనుకోనక్కరలేదు.

ప్రశ్న: రంపచోడవరం చుట్టుపక్కల చెట్ల మీద ఇలాంటి మొక్కలు నాలుగైదు రకాలు కనిపిస్తున్నాయి. పూలు లేని కాలంలో వందా టెసెల్లేటాను మిగతావాటి నుంచి వేరుగా గుర్తించడం ఎలా? పూలున్నప్పుడు ఖాయం చేసుకోవడానికి ఏం చూడాలి? (ఒక ఉపాధ్యాయుడు, రంపచోడవరం)

జవాబు: పూల కోసం ఎదురుచూడకుండా ముందుగా మొక్క పెరిగే తీరును చూడండి. ఆర్కిడ్లలో కొన్ని అడ్డంగా పాకుతూ, ఏటా కొత్త పిలకలు వేస్తూ, మొదలు దగ్గర ఉల్లిగడ్డలాంటి ఉబ్బు కాండాలను తయారు చేసుకుంటాయి. మరికొన్ని ఒకే కాండంతో, చివరి మొగ్గ నుంచే ఎప్పటికీ పైకి పెరుగుతూ, రెండు వరుసల్లో ఎదురెదురుగా ఆకులు వేస్తూ పోతాయి. వందా రెండో తరహాది. తాటి చెట్ల మీద, పాత చెట్ల తొర్రల్లో గుబురుగా పెరిగి, పొడవాటి పూగుత్తులను కిందికి వేలాడదీసే సింబిడియం అలోయిఫోలియం మొదటి తరహాది కనుక, దాని ఆకులు దూరం నుంచి వందా ఆకుల్లా కనిపించినా, మొదలు దగ్గర గడ్డ చూస్తే తికమక తీరిపోతుంది.

ఒకే కాండం ఉన్నవాటిలో అసలు చిక్కు అకాంపే ప్రేమోర్సా అనే మరో ఆర్కిడ్‌తో వస్తుంది. అది తూర్పు కనుమల్లో విరివిగా ఉంటుంది, ఆకులూ పట్టీల్లాగే ఉంటాయి, పూలకు సువాసన కూడా ఉంటుంది. అయితే అకాంపే ఆకు వెడల్పుగా, చాలా మందంగా, వంచితే విరిగిపోతుందేమో అన్నంత బిరుసుగా ఉంటుంది. వందా టెసెల్లేటా ఆకు సన్నగా, సుమారు 15 నుంచి 20 సెంటీమీటర్ల పొడవుతో, మధ్య ఈనె వెంబడి లోతుగా మడతపడి, అడ్డంగా కోస్తే ఆంగ్ల అక్షరం ‘వి’ ఆకారంలో ఉంటుంది. ఆకు కొనను వేలితో తడిమి చూడండి: వందాలో కొన సూదిగా ముగియదు, ఎవరో కొరికినట్టు రెండు మూడు అసమానమైన పళ్లతో ఉంటుంది, అకాంపేలో కొన రెండు గుండ్రని తమ్మెలుగా చీలి ఉంటుంది. ఇక రింకోస్టైలిస్ రెటూసా, అంటే అస్సాం వారు కొపౌ ఫూల్ అని పిలుచుకుని బిహు పండుగలో సిగలో ముడుచుకునే ఆర్కిడ్, ఆకుల మీద నిలువుగా లేత రంగు చారలతో పూలు లేకుండానే పట్టుబడుతుంది. లూసియా అనే ఆర్కిడ్ల ఆకులు పట్టీలు కావు, పెన్సిల్‌లా గుండ్రంగా ఉంటాయి.

పూలున్నప్పుడు పని ఇంకా తేలిక. వందా టెసెల్లేటా పూగుత్తి ఆకు మొదట్లో నుంచి పుట్టి, ఆకులకు సమానంగానో కాస్త మించో నిటారుగా నిలుస్తుంది. అందులో సుమారు ఐదు నుంచి పన్నెండు దాకా పూలు ఎడంగా ఉంటాయి, ఒక్కో పువ్వు 4 నుంచి 5 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. రింకోస్టైలిస్, ఏరిడిస్ అనే ఆర్కిడ్ల పూగుత్తులు కిందికి వాలి, చిన్న పూలతో కిక్కిరిసి ఉంటాయి. అకాంపే పూలు సెంటీమీటరుకు కాస్త అటూ ఇటూగా, పసుపు మీద ఎర్రటి గోధుమ రంగు అడ్డచారలతో, పొట్టి కాడ చివర గుంపుగా ఉంటాయి. వందా టెస్టేసియా అనే దగ్గరి బంధువు కూడా మన కొండల్లో ఉంది. దాని పువ్వు చాలా చిన్నది, రేకులు గళ్లు లేని పసుపు రంగులో, పెదవి నీలి ఊదాలో ఉంటాయి.

ఒక విషయం గమనించండి. వందా టెసెల్లేటా పూల రంగు ఒక్కో చెట్టు మీద ఒక్కోలా ఉంటుంది: ఆకుపచ్చ కలిసిన పసుపు, బూడిద, తేనె, గాఢమైన గోధుమ, ఏదైనా కావచ్చు, పెదవి కూడా నీలం నుంచి గులాబీ కలిసిన ఊదా దాకా మారుతుంది. అందువల్ల రంగును మాత్రమే నమ్ముకుని ఇవి వేర్వేరు జాతులని నిర్ణయించకండి. మారనివి వేరే ఉన్నాయి: రేకుల లోపలి వైపు గళ్లు, వెనుక వైపు తెలుపు, ఫిడేలు ఆకారంలో నడుమ సన్నబడిన పెదవి, దాని వెనుక శంకువులాంటి పొట్టి తోక. పిల్లలతో కలిసి వెళ్లినప్పుడు పువ్వును తుంచకుండా ముందు, వెనుక, పక్క నుంచి మూడు ఫొటోలు, ఆకు కొనది ఒక ఫొటో, మొత్తం మొక్కది ఒక ఫొటో తీసుకుంటే, ఎవరికి చూపినా గుర్తింపు ఖాయమవుతుంది. చాలామంది పువ్వుకు ఎదురుగా ఒక్క ఫొటో తీసి పంపిస్తారు. అందులో వెనుక వైపు గానీ, ఆకు గానీ కనిపించదు. భారత వృక్షశాస్త్ర సర్వేక్షణ సంస్థకు హైదరాబాద్‌లో దక్కన్ ప్రాంతీయ కేంద్రం ఉంది. సందేహం మిగిలితే అటువంటి చోట్ల నమూనాలతో పోల్చి చూసే వీలుంటుంది.

ప్రశ్న: నర్సరీలో “సువాసన వందా” అని చెప్పి అమ్మారు. పెద్ద పెద్ద నీలం పూలు పూసింది గానీ వాసన లేదు. నేను మోసపోయానా, లేక వాసన వచ్చే వేళ వేరే ఉందా? (ఒక పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: అరచేతి వెడల్పున నీలం పూలు పూసిందంటే అది వందా టెసెల్లేటా కాదు, సంకర వందా. మన నగరాల్లో అమ్మే పెద్ద పూల వందాలు చాలావరకు థాయ్‌లాండ్‌లో అభివృద్ధి చేసిన సంకరాలు. వాటి వంశంలో ఈశాన్య భారతపు నీలి వందా అయిన వందా సెరూలియా, ఫిలిప్పీన్స్‌కు చెందిన వందా సాండెరియానా ప్రధానంగా ఉంటాయి. ఈ రెండింటినీ కలిపి చేసిన రోత్స్‌చైల్డియానా అనే సంకరం 1931లోనే నమోదైంది. పూల పరిమాణం, రంగు, గుండ్రటి ఆకారం కోసం తరతరాలుగా ఎంపిక చేస్తూ పోయినందువల్ల ఈ వంశాల్లో సువాసన అంతగా మిగల్లేదు. వందా టెసెల్లేటాను సంకరీకరణలో తిరిగి వాడడానికి ఒక కారణం దాని సువాసనే. పూలు లేని మొక్క కొనేటప్పుడు, పైన చెప్పినట్టు సన్నగా, లోతుగా మడతపడిన పొట్టి ఆకులు ఉన్నాయో లేదో చూడండి. అయినా నా సలహా మాత్రం పూసి ఉన్న మొక్కనే ముక్కుతో పరీక్షించి కొనమని. నిజమైన వందా టెసెల్లేటాలో సైతం వాసన గాఢత మొక్క మొక్కకూ మారుతుంది. గాలి వెచ్చబడి, ఎండ పొద్దు తగిలినప్పుడు బాగా తెలుస్తుంది. ఏసీ గదిలో పెట్టి వాసన లేదనుకోవడం న్యాయం కాదు.

ప్రశ్న: విజయవాడలో పడమటి వైపు బాల్కనీ. కుండీలో కొబ్బరి పొట్టు నింపి వందా టెసెల్లేటా నాటాను. వేళ్లు గోధుమ రంగుకు మారి మెత్తబడ్డాయి, కింది ఆకులు ముడుచుకుపోయాయి. నీళ్లు తక్కువైందనుకుని పెంచాను, ఇంకా పాడైంది. దీన్ని బతికించడం ఎలా? సరైన పెంపకం ఎలా? (ఒక పాఠకురాలు, విజయవాడ)

జవాబు: మీ మొక్కను ముంచినది కొబ్బరి పొట్టు. వందా వేరు నేలలోని వేరులాంటిది కాదు. దాని చుట్టూ వెలామిన్ అనే తెల్లటి స్పంజిలాంటి పొర ఉంటుంది. అది చచ్చిన కణాలతో ఏర్పడి, వాన పడగానే నీటిని పీల్చి లోపలి సజీవ భాగానికి అందిస్తుంది, ఆ తరువాత గాలికి త్వరగా ఆరిపోతుంది. తడిసినప్పుడు ఆ పొర పారదర్శకమై లోపలి పచ్చదనం కనిపిస్తుంది. ఈ వేళ్లు కూడా వెలుతురులో ఆకుల్లా ఆహారం తయారు చేసుకోగలవు. అలాంటి వేరును రోజుల తరబడి తడిగా ఉండే పొట్టులో పూడ్చిపెడితే గాలి ఆడక కుళ్లుతుంది. వేళ్లు కుళ్లాక నీరు పైకి అందదు కనుక ఆకులు ముడుచుకుంటాయి; ఆ ముడతను చూసి ఇంకా నీళ్లు పోయడంతో మిగిలిన వేళ్లు కూడా పోతాయి. నర్సరీల వాళ్లు రవాణా సౌకర్యం కోసం పొట్టులో పెట్టి అమ్ముతారు. ఇంటికి తెచ్చాక దాన్ని తీసివేయడం మన పని.

ముందుగా మొక్కను కుండీ నుంచి తీసి, పొట్టంతా కడిగి, మెత్తబడిన వేళ్లను వేడి చేసి చల్లార్చిన కత్తెరతో గట్టి భాగం వచ్చేదాకా కత్తిరించండి. నొక్కితే గట్టిగా ఉన్న వేరు, ముడతలు పడి బూడిద రంగులో ఉన్నా సరే, బతికి ఉన్నదే. ఒక పూట నీడలో ఆరనిచ్చి, నాలుగు వైపులా గాలి ఆడే టేకు లేదా వెదురు పట్టీల బుట్టలో, లోపల పెద్ద బొగ్గు ముక్కలు రెండు మూడు ఉంచి, వాటి మధ్య కాండాన్ని కదలకుండా కట్టండి. బొగ్గు ముక్కలు మొక్కకు ఆసరా కోసమే. బుట్టను నింపడానికి కాదు. వేళ్లు బుట్ట దాటి కిందికి వేలాడితే తిరిగి లోపలికి దూర్చే ప్రయత్నం చేయకండి.

నీళ్ల విషయంలో ఒక్క సూత్రం పాటించండి: వేళ్లు పూర్తిగా పచ్చబడేదాకా తడపాలి, సాయంత్రంలోగా పూర్తిగా తెల్లబడేదాకా ఆరాలి. చెంబుతో ఒకసారి పోస్తే వెలామిన్ నిండదు. పది పదిహేను నిమిషాలు బకెట్‌లో వేళ్లను ముంచి ఉంచండి, లేదా కొద్ది నిమిషాల తేడాతో రెండు మూడుసార్లు జల్లండి. చలికాలంలో రెండు మూడు రోజులకోసారి సరిపోతుంది, ఎండలు ముదిరితే ప్రతి ఉదయం కావాలి, రోహిణి కార్తెలో వడగాలి వీచే రోజుల్లో మధ్యాహ్నానికే వేళ్లు ఎండి పేలికల్లా అయితే రెండోసారి కూడా తడపవలసి వస్తుంది. అడవిలో నెలల తరబడి వాన లేకున్నా బతికే మొక్కకు ఇంత సేవ ఎందుకని మీరు అడగవచ్చు. అక్కడ ఏళ్లుగా బెరడును అల్లుకున్న డజన్ల కొద్దీ వేళ్లు మంచును, తేమను పట్టుకుంటాయి, చెట్టు నీడ ఆకులను కాస్తుంది. మీ దగ్గరికి వచ్చిన మొక్క వేళ్లు తెగి, కాంక్రీటు గోడ వేడిలో వేలాడుతోంది. కొత్త వేళ్లు పుట్టి గట్టిపడ్డాక మీరూ సడలించవచ్చు.

ఉదయం పూటే తడపమనడానికి కారణముంది. ఆకుల గుండెలో, అంటే నడిమొగ్గలో, నీరు నిలిచి రాత్రంతా ఉంటే కుళ్లు పట్టుకుంటుంది. ఒకే మొగ్గతో పెరిగే ఈ మొక్కకు ఆ మొగ్గ పోతే పై ఎదుగుదల ఆగిపోయినట్టే. అదృష్టవశాత్తు మొదలు బాగుంటే పక్క నుంచి పిలక వచ్చే అవకాశం ఉంటుంది, కాబట్టి మొగ్గ కుళ్లిందని వెంటనే పారేయకండి. వందా ఆకులు తమ పత్రరంధ్రాలను పగటి ఎండలో మూసుకుని, రాత్రి తెరిచి కార్బన్ డై ఆక్సైడ్‌ను తీసుకుంటాయి; రాత్రి పూట గాలి ఆడడం కూడా వీటికి అవసరమే కనుక తలుపులు మూసిన వరండాలో బంధించవద్దు.

విజయవాడ పడమటి ఎండ మే నెలలో నేరుగా పడితే ఆకులు కాలి తెల్లమచ్చలు వస్తాయి. మార్చి నుంచి జూన్ దాకా సగం ఎండను ఆపే షేడ్‌నెట్ కట్టండి, మిగతా నెలల్లో తీసేయవచ్చు. బోరు నీళ్లలో సున్నం, ఉప్పు ఎక్కువ. వేళ్ల మీద తెల్లటి పొలుసు పట్టిందంటే అదే కారణం. వాన నీళ్లు పట్టి ఉంచుకోగలిగితే అంతకు మించినది లేదు, లేకపోతే ఆర్వో యంత్రం శుద్ధి చేసి ఇచ్చిన నీళ్లు వాడండి; ఆ యంత్రం బయటికి వదిలేసే నీళ్లలో లవణాలు చిక్కబడి ఉంటాయి, వాటిని ఎట్టి పరిస్థితిలోనూ వాడకండి. ఎరువుల దుకాణాల్లో దొరికే 19-19-19ను లీటరుకు అర గ్రాము చొప్పున కలిపి, కొత్త వేళ్లు కనిపించే నెలల్లో వారానికోసారి, ముందు మంచినీళ్లతో తడిపాక పిచికారీ చేస్తే చాలు. పేడ, కంపోస్టు వేళ్లకు పూయవద్దు. లేత వేరు కొనలను నత్తలు కొరికేస్తాయి, ఆకుల మొదళ్లలో పొలుసు పురుగు దాక్కుంటుంది. పొలుసు పురుగును మెత్తని బ్రష్‌తో, సబ్బు నీళ్లతో తుడిచేయవచ్చు.

పెరడు ఉన్నవారికి నేను బుట్ట కూడా చెప్పను. మృగశిర కార్తెలో తొలకరి పడి, వేళ్ల కొనలు పచ్చగా కదలడం మొదలుపెట్టినప్పుడు, మొక్కను మామిడి లేదా మరేదైనా గరుకు బెరడు చెట్టుకు, తూర్పు వైపు వెలుతురు తగిలే చోట, పాత చీర పేలికతోనో కొబ్బరి తాడుతోనో బిగించి కట్టండి. జామ బెరడు పొరలు పొరలుగా ఊడిపోతుంది కాబట్టి పనికిరాదు. వానాకాలం పూర్తయ్యేసరికి వేళ్లు బెరడును పట్టుకుంటాయి, తాడు దానంతటదే శిథిలమవుతుంది. మన వాతావరణంలో ఈ మొక్కకు ఇంతకంటే మంచి కుండీ లేదు.

ప్రశ్న: మా వందా ఆకులు నిగనిగలాడుతూ ముదురు పచ్చగా ఉన్నాయి, మూడేళ్లుగా ఒక్క పువ్వూ లేదు. (ఒక పాఠకుడు, నిర్మల్)

జవాబు: ఆ ముదురు పచ్చే సమాధానం. వందాకు వెలుతురు చాలనప్పుడు ఆకులు నల్లగా పచ్చబడి, పొడవై, వాలిపోతాయి. లేత పచ్చ, కొంచెం పసుపు కలిసిన రంగు రావాలి. అక్కడక్కడా వంకాయ రంగు చుక్కలు కనిపిస్తే వెలుతురు గరిష్ఠ స్థాయికి వచ్చిందని అర్థం. ఒకేసారి ఎండలోకి తేకుండా, వారం వారం కొద్దికొద్దిగా తూర్పు ఎండ వైపు జరపండి. యూరియా వంటి నత్రజని ఎరువులు వేస్తుంటే మానేయండి. డిసెంబరు, జనవరి నెలల్లో నీళ్లు తగ్గించి కొంత ఎండగట్టడం కూడా మేలు చేస్తుంది, ఎందుకంటే మన అడవుల్లో ఈ మొక్క ఆ పొడి కాలాన్ని దాటాకే వేసవి నుంచి వానల దాకా పూస్తుంది.

ప్రశ్న: మే నెలలో పూలు చూసి మురిసిపోయి బుట్టను హాల్లోకి తెచ్చాను. రెండు రోజుల్లో రేకులన్నీ వాడిపోయాయి. చెట్టు మీద వారాల తరబడి ఉండేవి ఇంట్లో ఎందుకు నిలవలేదు? (ఒక పాఠకురాలు, నూజివీడు)

జవాబు: నూజివీడు అంటున్నారు, మే నెల అంటున్నారు, ఆ హాల్లోనో పక్క గదిలోనో మామిడి కాయలు మాగేసి ఉంటారని ఊహిస్తున్నాను. మాగే పండ్ల నుంచి ఎథిలీన్ వాయువు వెలువడుతుంది, వందా పూలు ఆ వాయువును ఏమాత్రం తట్టుకోలేవు. గ్యాస్ పొయ్యి, అగరువత్తుల పొగ దగ్గర పెట్టినా వేగంగా వాడతాయి. ఇంకొక కారణం మన చేతులే. పువ్వు నడుమ ఉన్న స్తంభం కొనలో ఒక చిన్న మూత కింద పసుపు రంగు పుప్పొడి ముద్దలు ఉంటాయి. వేలో చీర కొంగో తగిలి ఆ మూత ఊడిందంటే, పరాగ సంపర్కం జరిగిపోయినట్టే పువ్వు ప్రవర్తించి వాడిపోతుంది. పూసిన మొక్కను చెట్టు మీదే ఉంచి చూడడం మేలు; లోపలికి తేవాలనుకుంటే అతిథులు వచ్చిన పూటకు తెచ్చి, తిరిగి బయట పెట్టండి.

ప్రశ్న: మోకాళ్ల నొప్పులకు ఈ మొక్క వేళ్లు మంచివని సంతలో ఒకాయన కట్టలు కట్టి అమ్ముతున్నారు. వాడవచ్చా? (ఒక పాఠకుడు, పార్వతీపురం)

జవాబు: ఆయుర్వేదంలో రాస్నా అనే ఓషధి పేరుతో ప్రాంతాన్ని బట్టి వేర్వేరు మొక్కలు వాడుకలోకి వచ్చాయి. బెంగాల్ వైపు వందా వేళ్లను రాస్నాగా వాడారు; ఉత్తరాదిన ప్లూకియా లాన్సియోలేటా అనే పొద ఆ స్థానంలో ఉంది; దక్షిణాదిన దుంపరాష్ట్రం ఎక్కువగా వాడతారు. వైద్యం విషయం మీ వైద్యుడే చెప్పాలి. మొక్క విషయం మాత్రం నేను చెప్పగలను: ఒక్క కట్ట వేళ్లకు ఎన్నో ఏళ్లు పెరిగిన మొక్కలు కొన్ని నేలరాలాలి, ఎందుకంటే వేళ్లు కోస్తే వందాకు ఇక మిగిలేదేమీ ఉండదు. రిజర్వు అడవి నుంచి అనుమతి లేకుండా వాటిని తేవడం నేరం కూడా. కొనకండి.

ప్రశ్న: మొక్కకు వేలెడంత కాయలు కాశాయి. గింజలు చల్లి పెంచవచ్చా? (ఒక పాఠకుడు, శ్రీకాకుళం)

జవాబు: చల్లవచ్చు, మొలకెత్తుతాయని మాత్రం ఆశ పెట్టుకోకండి. కాయ పగిలితే వచ్చేది పొడి. అందులో వేలకు వేల గింజలుంటాయి, వాటిలో పప్పు అనేదే లేదు. మొలకకు మొదటి ఆహారం ఒక రకం శిలీంధ్రం ద్వారా అందాలి. ఈ సంగతిని ఫ్రాన్స్‌లో నోయెల్ బెర్నార్డ్ 1899లో కనుగొన్నారు. శిలీంధ్రం లేకుండానే చక్కెర కలిపిన జెల్లీ మీద శుద్ధమైన సీసాలో ఆర్కిడ్ గింజలను మొలకెత్తించవచ్చని అమెరికాలో లూయిస్ నడ్సన్ 1922లో చూపించారు. నేటికీ కణజాల వర్ధన ప్రయోగశాలలు పాటించేది ఆ పద్ధతి మీద ఆధారపడినదే; సీసాలోని మొలక పూసే మొక్క కావడానికి నాలుగైదేళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. ఇంట్లో చేయగలిగింది వేరే ఉంది. మొక్క బాగా పొడుగై, కాండం పై సగంలో మూడు నాలుగు బలమైన వేళ్లు వచ్చాక, వాటి కింద కోసి పై భాగాన్ని వేరుగా కట్టవచ్చు. కింది మొద్దు ఎండిపోకుండా చూసుకుంటే అది కూడా పిలకలు వేస్తుంది. కాయ ఒకటి రెండు నెలల్లో పండేది కాదు, మొక్క బలాన్ని తింటుంది. మొక్క నీరసంగా ఉంటే కాయలను తుంచేయండి; బలంగా ఉంటే ఒకదాన్ని చెట్టు మీదే పగలనివ్వండి, పొడి గాలికి ఎగిరి ఏ పాత చింత బెరడు సందులోనో శిలీంధ్రాన్ని కలుసుకోవచ్చు.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను. డిసెంబరులో ఊరికి వచ్చినప్పుడు మా తోటలోని వందా పిలక ఒకటి సూట్‌కేసులో తీసుకెళ్లాలని ఉంది. (ఒక పాఠకుడు)

జవాబు: వద్దు. ఆర్కిడ్ కుటుంబం మొత్తం, ప్రమాదంలో ఉన్న మొక్కలూ జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం పరిధిలోకి వస్తుంది. వందా టెసెల్లేటా దాని రెండో అనుబంధంలో ఉంది. అంటే దేశం దాటాలంటే సైటిస్ అనుమతి పత్రం, దానితో పాటు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. అడవి నుంచి సేకరించిన ఆర్కిడ్ల ఎగుమతికి మన దేశం అనుమతించదు, మీ తోటలోని పిలక అడవిది కాదని విమానాశ్రయంలో నిరూపించడం మీ వల్ల అయ్యే పని కాదు. పట్టుబడితే మొక్క పోతుంది, జరిమానా పడుతుంది. ప్రయోగశాలలో మొలకెత్తించి, మూత తీయని శుద్ధమైన సీసాల్లో ఉన్న పిల్ల మొక్కలకు సైటిస్‌లో మినహాయింపు ఉన్నా, అమెరికా వ్యవసాయ తనిఖీ నిబంధనలు వాటికీ వర్తిస్తాయి. అక్కడి ఆర్కిడ్ నర్సరీల్లో గింజల నుంచి పెంచిన వందా టెసెల్లేటా దొరుకుతుంది. వసంతంలో కొనండి, వేసవి అంతా బయట చెట్టు నీడలో వేలాడదీయండి, రాత్రి ఉష్ణోగ్రత 12 డిగ్రీల సెల్సియస్‌కు దిగజారక ముందే ఇంట్లోకి తెచ్చి, దక్షిణపు కిటికీ దగ్గర ఉంచండి. శీతాకాలంలో హీటర్ గాలి వేళ్లను పీల్చేస్తుంది కాబట్టి, డాలస్ డిసెంబరులో మీరు నీళ్లు తగ్గించే ముందు ఆకులు ముడుచుకుంటున్నాయేమో చూసుకోవాలి.